మనం ఎవరం, మేము ఎవరం: ఒక పొదుపు సంఘం చాప మీద సమాజశాస్త్రం

ప్రతి నెలా పదో తేదీ సాయంత్రం మా అమ్మ వాళ్ళ సంఘం మా ఇంటి వసారాలో కూర్చుంటుంది. పన్నెండు మంది ఆడవాళ్ళు, రెండు చాపలు, ఒక రేకు పెట్టె. పెట్టెలో రబ్బరు బ్యాండు చుట్టిన పుస్తకాలు, ఇంకు ప్యాడు, కాలుక్యులేటరు. చాప మీద ఉన్నంతసేపు వాళ్ళు ఒకరికొకరు వదిన, అక్క, పిన్నమ్మ, అత్త. "వదినా, పోయిన నెల కంతు ఇంకా రాలేదే" అని ఒకరంటే, "పాల డబ్బులు రాంగానే కట్టేస్తాలే అక్కా" అని ఇంకొకరు. పుస్తకంలో మాత్రం వదినలూ అక్కలూ ఉండరు. అక్కడ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, భర్త పేరు, పొదుపు, అప్పు, వడ్డీ, బాకీ, చివర సంతకం. చాప మీద ఒక మనిషి, పుస్తకంలో అదే మనిషి ఇంకో రూపంలో.

డిగ్రీలో సమాజశాస్త్రం చదువుతున్నప్పుడు "ప్రాథమిక, ద్వితీయ సమూహాలకు తేడాలు రాయుము" అన్న ప్రశ్న ప్రతి ఏడాదీ వచ్చేది. పేజీ మధ్యలో గీత కొట్టి ఎడమ పక్క ఎనిమిది, కుడి పక్క ఎనిమిది రాసేవాళ్ళం. మార్కులు పడేవి. కానీ అమ్మ సంఘాన్ని గీతకు ఏ పక్కన వెయ్యాలో నాకు తెలిసేది కాదు. ఇన్నేళ్ళ తర్వాత నాకు అర్థమైనది చెప్తాను: ఈ మాటలన్నీ మనుషుల మధ్య ఉండే ముడులకు పెట్టిన పేర్లు. ఒకే ఇద్దరి మధ్య రెండు మూడు రకాల ముళ్ళు ఉండొచ్చు. మనుషుల్ని గళ్ళల్లో సర్దడానికి వాడితే అవి పనికిరావు. ఏ ముడి ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు జారుతుందో చూడటానికి వాడితే చాలా చూపిస్తాయి.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. మనుషులు ఒకచోట ఉన్నంత మాత్రాన సమూహం అవ్వరు. కావలి బస్టాండులో విజయవాడ బస్సు కోసం నిలబడ్డ యాభై మందిది గుంపు. బస్సెక్కి ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. అరవై ఏళ్ళు దాటినవాళ్ళు, ఐదెకరాల లోపు రైతులు, రేషను కార్డు ఉన్నవాళ్ళు, వీళ్ళు లెక్కల్లో ఒక వర్గం. ఒకరి మొహం ఒకరు చూసి కూడా ఉండరు. సమూహం అనాలంటే ఒకరి నడత మీద ఇంకొకరి ప్రభావం పడుతూ ఉండాలి, లోపల ఎవరున్నారో బయట ఎవరున్నారో లోపలివాళ్ళకు తెలిసుండాలి. అదే బస్సు అర్ధరాత్రి దారిలో ఆగిపోయిందనుకోండి. తెల్లవారేసరికి ఆ యాభై మందీ నీళ్ళ సీసాలు పంచుకుంటారు. డ్రైవరుతో మాట్లాడటానికి ఒకాయన ముందుకొస్తాడు. చంటిపిల్ల తల్లికి సీటు ఎవరివ్వాలన్నది ఎవరూ చెప్పకుండానే తేలిపోతుంది. గుంపు సమూహమైపోయింది, నాయకుడు కూడా పుట్టాడు.

1909లో అమెరికా సమాజశాస్త్రవేత్త చార్లెస్ హోర్టన్ కూలే ప్రాథమిక సమూహం అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. ఆయన ముఖ్యంగా చూపించినవి మూడు: కుటుంబం, పిల్లల ఆటల జట్టు, ఇరుగుపొరుగు. ముఖాముఖి మసలుతూ, మనిషి స్వభావం మొట్టమొదట తయారయ్యే చోట్లు కాబట్టి వాటిని ప్రాథమికం అన్నాడు. దానికి జోడీగా ద్వితీయ సమూహం అన్న పేరు తర్వాతివాళ్ళు చేర్చారు. గీత కొట్టి తేడాలు రాయించే అలవాటు ఆ జోడీతోనే మొదలైందని నా అనుమానం. తేడాని గుర్తుపట్టడానికి నాకు తెలిసిన తేలిక దారి ఇది: బ్యాంకు మేనేజరు బదిలీ అయితే ఇంకో మేనేజరు వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడు, మన పని నడిచిపోతుంది. పిన్నమ్మ బదిలీ అవ్వదు. ఆమె పోతే ఆ చోటు ఖాళీగానే ఉంటుంది.

మరి సంఘం? అప్పు తెచ్చుకోవడం కోసం, నియమాలు రాసుకుని, తీర్మానం చేసి పెట్టుకున్నది కాబట్టి ద్వితీయ సమూహమే. డ్వాక్రా పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 1982లో తెచ్చింది. స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డు 1992లో ఐదు వందల సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టింది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల అప్పులివ్వడం, వాయిదా కట్టడం, పుస్తకాలు రాయడం. పంచసూత్రాలని సంఘాల్లో అందరికీ నోటికి వచ్చే ఈ ఐదూ పక్కా కార్యాలయ నియమాలే. కానీ ఈ యంత్రాన్ని నడిపే నూనె వేరే ఉంది. బ్యాంకుకి పొలం కాగితం కావాలి. సంఘానికి ఆ మనిషి తెలిస్తే చాలు. ఎవరి గేదె ఈనబోతోంది, ఎవరింట్లో మగాడు కూలి డబ్బులు కొట్టుకెళ్తాడు, ఎవరు పుట్టింటికి పోయి నెలదాకా రారు, ఇవన్నీ చాప మీద కూర్చున్న పన్నెండు మందికీ తెలుసు. తాకట్టు లేని అప్పుకి తాకట్టు ఆ తెలివిడే.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. పుస్తకం కూడా చుట్టరికాన్ని కాపాడుతుంది. పక్కింటావిడకి చేబదులిచ్చి తిరిగి అడగలేక మాటలు పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. సంఘంలో ఆ బెరుకు లేదు. "నేనేం చెయ్యను వదినా, పుస్తకంలో ఉంది" అంటే చాలు, అడిగింది తను కాదు, పుస్తకం. నియమం ఉండబట్టి వదిన వదినగానే మిగిలింది. పరీక్షలో ఎడమ పక్కనున్నది కుడి పక్కనున్న దాన్ని నిలబెడుతోంది, కుడిది ఎడమదాన్ని.

రెండు మనాలు

1906లో విలియం గ్రహాం సమ్నర్ అనే ఆయన ఇంకో గీత గీశాడు. మనిషి తనదనుకునేది అంతర్ సమూహం, పరాయిదనుకునేది బాహ్య సమూహం. పాఠ్యపుస్తకంలో ఇది రెండు పేరాల విషయం. తెలుగువాళ్ళకి ఆ రెండు పేరాలు కూడా అక్కర్లేదు, మన వ్యాకరణంలోనే ఉంది. ఇంగ్లీషువాడికి ఒకే ఒక్క మాట ఉన్నచోట మనకు రెండున్నాయి: మనం, మేము. వింటున్న మనిషిని లోపలికి కలుపుకుంటే మనం. బయట నిలబెడితే మేము. "రేపు మనం పెళ్ళికి పోదాం" అన్నదానికీ "రేపు మేము పెళ్ళికి పోతున్నాం" అన్నదానికీ మధ్య ఎంత దూరమో, ఆ రెండో మాట విన్నవాళ్ళకి తెలుసు. నోరు తెరిచిన ప్రతిసారీ మనం సమూహం గీత గీస్తూనే ఉన్నాం.

ఈ గీత ఎంత త్వరగా జరగగలదో, జరిగితే ఏమవుతుందో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. డ్వాక్రా సంఘాలున్న ఊళ్ళల్లోకే సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. వాళ్ళూ సమూహాలే కట్టారు. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ గ్రామీణ బ్యాంకు పెంచిన పద్ధతిలో ఐదుగురేసి ఆడవాళ్ళు, వారం వారం వాయిదా, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు బాధ్యులు. పైకి చూస్తే అదే చాప, అదే వదినలు, అదే అక్కలు. చాలా ఊళ్ళల్లో మనుషులు కూడా వాళ్ళే. కానీ పొదుపు తమది కాదు, వాయిదా ఎప్పుడో ఎంతో తీర్మానం చేసుకునే వీలు లేదు. సంఘంలో ఒక నెల ఒకరికి కుదరకపోతే "మనం సర్దుకుందాం" అనే చోటుంది. ఇక్కడ ఒకరికి కుదరకపోతే మిగతా నలుగురూ వాళ్ళ గుమ్మంలో కూర్చోవాల్సి వచ్చింది. "మేము కట్టాం, నువ్వెందుకు కట్టవు?" మనం అన్న మాట ఒక్క వారంలో మేము, నువ్వు అని రెండు ముక్కలైంది. బయటివాడు వచ్చి తలుపు కొడితే ఊరు అడ్డం పడుతుంది. సొంత వదిన వచ్చి గుమ్మంలో కూర్చుంటే ఎవరు అడ్డం పడతారు? ప్రాథమిక బంధాన్ని తీసుకెళ్ళి వసూలుకి పనిముట్టు చేశారు. వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల మధ్య 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. దాని తర్వాత వచ్చిన చట్టంలో ఒక నియమాన్ని నేను ఎప్పుడూ తలుచుకుంటాను. అప్పు వసూలు ఇంటి దగ్గర చెయ్యకూడదు, పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ వచ్చే చోటే చెయ్యాలి. గుమ్మానికీ అప్పుకీ మధ్య చట్టం మళ్ళీ ఒక గోడ కట్టింది.

అంకె కూడా ఊరికే ఉండదు. ఇద్దరున్న చోట ఒకరు లేచిపోతే సమూహమే పోతుందని, మూడో మనిషి రాగానే మెజారిటీ, మధ్యవర్తి, తగువు పెట్టి లాభపడేవాడు అన్నీ పుట్టుకొస్తాయని జర్మనీకి చెందిన గియోర్గ్ సిమ్మెల్ ఎప్పుడో రాశాడు. ఐదుగురిలో ఒకరు తగ్గితే భారం నాలుగు భాగాలు. పన్నెండు మందిలో తగ్గితే పదకొండు. పైగా పన్నెండు మందిలో సర్దిచెప్పే పెద్దమనిషి ఒకరైనా ఉంటారు. మరీ పెద్దదైతే మళ్ళీ ఎవరికి ఎవరూ తెలియరు. సంఘాలు పది నుంచి ఇరవై లోపు ఉండటంలో లోకజ్ఞానమూ ఉంది, చట్టమూ ఉంది. ఇరవై దాటితే రిజిస్ట్రేషను అవసరమయ్యేది.

పెట్టె తాళం ఎవరి దగ్గర

నెల్లూరు మెట్టలో పుట్టినదాన్ని కాబట్టి నాయకత్వం అనగానే నాకు దూబగుంట గుర్తొస్తుంది. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరుగుతోంది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్ళు రాత్రిళ్ళు లాంతరు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సారా వల్ల ఇల్లు గుల్లైన ఆడమనిషి కథ ఒకటుంది. తాగే మొగుడున్న ఆడది అప్పటిదాకా లెక్కల్లో ఒక వర్గం. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి దెబ్బలు వాళ్ళు. ఆ పాఠం చదివిన రాత్రి పదిమంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇది నా ఒక్కదాని ఇంటి సంగతి కాదే అన్న ఎరుక కలిగింది. వర్గం సమూహమవ్వడం అంటే ఇదే, ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. వాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. దూబగుంట కథ మళ్ళీ ఇంకో పాఠమై పక్క ఊళ్ళకి పోయింది. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు ఆడవాళ్ళు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, రెండేళ్ళకి ఎత్తేశారు.

ఈ ఉద్యమానికి మొహంగా రాష్ట్రమంతా ఎరిగిన మనిషి వర్ధినేని రోశమ్మ, దూబగుంట రోశమ్మ అంటేనే తెలుస్తుంది. ఆమెను ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. వంశంగా వచ్చిన పెత్తనం కాదు. అయినా ఆమె లేచి నిలబడితే ఊరు లేచింది. అధికారం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకి జర్మనీ పండితుడు మాక్స్ వెబర్ మూడు జవాబులు చెప్పాడు. పూర్వం నుంచీ ఇలాగే ఉంది కాబట్టి వినడం సంప్రదాయ అధికారం. ఈ మనిషిలో ఏదో ఉందని నమ్మి వెంట నడవడం సమ్మోహక అధికారం. నియమం ప్రకారం ఆ కుర్చీలో ఉన్నారు కాబట్టి వినడం చట్టబద్ధ అధికారం. మా తాతల కాలం ఊళ్ళో కరణం, మునసబు మొదటి రకం, తెలంగాణలో పటేలు, పట్వారీ అలాగే. తండ్రి తర్వాత కొడుకు, భూమి లెక్కలన్నీ ఆ ఒక్క ఇంటి అటక మీద. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవుల్ని రద్దు చేసింది. ఆ స్థానంలో జీతం తీసుకుని బదిలీ అయ్యే ఉద్యోగి వచ్చాడు. ఒక ఆర్డినెన్సుతో సంప్రదాయ అధికారం చట్టబద్ధ అధికారంగా మారడం మన కళ్ళముందే జరిగింది. కరణం గారి మాట చెల్లడం మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఆగలేదు. అటక మీది కాగితాలు పోయినా, దండం పెట్టే అలవాటు అంత త్వరగా పోదు.

సమ్మోహక అధికారం ఎక్కువ కాలం నిలవదని వెబర్ అన్నాడు. మంట చల్లారిపోవాలి, లేదంటే పొయ్యిలోకి చేరి రోజూ అన్నం వండాలి. నెల్లూరులో రెండోది జరిగింది. సారా మీద పోయే డబ్బు మిగిలితే దాచుకుందాం అని రోజుకో రూపాయి లెక్కన పొదుపు లక్ష్మి సంఘాలు మొదలయ్యాయి. తర్వాత అవి డ్వాక్రాలో కలిసి గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్లు మెట్లుగా పెరిగాయి. సారా బండ్లకు అడ్డం నిలబడ్డ చేతుల్లోకి మినిట్స్ పుస్తకం వచ్చింది. దీన్ని పతనం అనేవాళ్ళున్నారు. నేను అలా అనను, ఆ పుస్తకం వల్ల మా అమ్మ నన్ను చదివించింది. కానీ ఏదో పోయిందన్నది నిజమే. ఊళ్ళో కొత్త బెల్టు షాపు వచ్చినప్పుడు మా సంఘంలో దాని గురించి గంటసేపు మాట్లాడారు, తీర్మానం మాత్రం రాయలేదు. సభలకు రమ్మని పైనుంచి కబురొస్తే మాత్రం హాజరు వేసుకుంటారు.

సంఘంలో ఎవరు లీడరన్నది ఇంకా సూక్ష్మమైన విషయం. 1911లో రాబర్ట్ మిషెల్స్ జర్మనీలో సమానత్వం కోసం పెట్టుకున్న పార్టీని చూసి, ఎంత ప్రజాస్వామికంగా మొదలైన సంస్థ అయినా చివరికి కొద్దిమంది చేతుల్లోకి పోతుందని తేల్చాడు. దాన్ని ఉక్కు నియమం అన్నాడు. మా సంఘంలో లీడర్లని మార్చాలన్న నియమముంది, మార్చారు కూడా. పుస్తకంలో పేర్లు మారాయి, పెట్టె తాళం మాత్రం పదిహేనేళ్ళు ఒకే కొంగున ఉంది. ఆవిడకు పెత్తనం మీద ఆశ ఉండి కాదు. బ్యాంకుకి పోవాలంటే ఒక పూట పోతుంది, మేనేజరు లేడంటే రోజంతా పోతుంది. మిగతా వాళ్ళకి అది ఒక రోజు కూలి. ఆవిడకు సొంత కొట్టుంది, కోడలు చూసుకుంటుంది. నాయకత్వం గుణం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది ఒక రోజు కూలి పోగొట్టుకోగల స్తోమత. మిషెల్స్ నియమం నిజంగా ఉక్కుదేనా అంటే, లీడరు బ్యాంకుకి పోయిన రోజుకి కూలి కట్టిస్తే ఎంత వంగుతుందో చూడాలని నాకుంది.

నాయకుడు ఒక్కడే ఉంటాడన్న నమ్మకం కూడా సరైంది కాదు. 1950ల ప్రాంతంలో హార్వర్డులో రాబర్ట్ బేల్స్ చిన్న సమూహాలకు పని ఇచ్చి గమనిస్తే, పని ముందుకు తోసేవాళ్ళు ఒకరు, మనసులు చెదరకుండా చూసేవాళ్ళు ఇంకొకరు తేలారు. నాట్ల ముఠాలో ఇది రోజూ కనిపిస్తుంది. ఎకరానికి ఎంతన్నది రైతుతో బేరం ఆడేది మేస్త్రి. పదకొండు గంటలకి నడుములు పట్టేసి, ఒకరి మీద ఒకరు విసుక్కునే వేళకి పాట ఎత్తుకునేది ఇంకొకామె. వెనకబడిన కొత్త కోడలి వరసలోకి చెయ్యి చాచి నాలుగు మొక్కలు నాటేసేది కూడా ఆమే. మేస్త్రి రాని రోజున ముఠా పనికి పోగలదు, ఆమె రాని రోజున పొద్దు గడవదు. 1939లో కర్ట్ లెవిన్, ఆయన సహచరులు పదేళ్ళ పిల్లల క్లబ్బుల్లో చేసిన ప్రయోగం కూడా ఇక్కడికే వస్తుంది. పెద్దాయన అధికారం చెలాయించిన క్లబ్బులో పని బాగానే సాగింది, ఆయన గది దాటగానే ఆగిపోయింది. అందరితో కలిసి నిర్ణయించిన చోట ఆయన లేకపోయినా సాగింది.

ఊరూ నగరమూ ఒకేచోట

ఇక సమాజాల రకాలు. ఇక్కడే పాఠ్యపుస్తకాలు అందరినీ ఎక్కువగా తప్పుదారి పట్టిస్తాయి. వేట, సేకరణ సమాజం, పోడు సమాజం, వ్యవసాయ సమాజం, పారిశ్రామిక సమాజం, ఆ పైన సమాచార సమాజం అని నిచ్చెనలా గీస్తాయి. తిండి ఎలా సంపాదిస్తారన్న దాన్ని బట్టి ఈ విభజన చేసినవాళ్ళలో గెర్హార్డ్ లెన్స్కీ ముఖ్యుడు. మిగులు ఎంత పెరిగితే అసమానత అంత పెరుగుతుందని, పారిశ్రామిక యుగంలో మాత్రం కొంత తగ్గిందని ఆయన వాదన. వాదన బలమైనదే. నిచ్చెన బొమ్మతోనే ఇబ్బంది, కింది మెట్టు మీద ఉన్నవాళ్ళు వెనకటి కాలపు మనుషులన్నట్టు కనిపిస్తారు.

నల్లమల చెంచుల్ని చూడండి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి హైదరాబాద్ సంస్థానంలో చిక్కుకుపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో వాళ్ళ మధ్య గడిపి, 1943లో పుస్తకం వేశాడు. కొద్ది కుటుంబాలుండే గూడేలు, వాటిని పెంటలంటారు, దుంపలు తవ్వడం, తేనె తియ్యడం. పెద్దమనిషి ఉంటాడు, ఆజ్ఞాపించే రాజు ఉండడు. పొసగకపోతే ఇంకో పెంటకి లేచిపోతారు. కొండ చరియకు వేలాడుతూ తేనె తీసేవాడి తాడు పైన పట్టుకునేది బావమరిదే అంటారు. అన్నదమ్ములకైనా ఏదో ఆశ ఉండొచ్చు గానీ, అక్కచెల్లెళ్ళ పసుపుకుంకాలు ఎవడూ తెంపుకోడు కదా. బంధాన్ని ఇంత లోతుగా లెక్కగట్టిన వ్యవస్థని మొదటి మెట్టు అనడానికి నాకు నోరు రాదు. చెంచులు ఇవాళ్టి మనుషులు. పులుల అభయారణ్యం నిబంధనలతో, రేషను బియ్యంతో, ఆసుపత్రికి దూరంతో ఇప్పుడే, ఇక్కడే బతుకుతున్నారు.

జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ టోన్నీస్ 1887లో రెండు రకాల కలయికల గురించి రాశాడు. ఒకటి పుట్టుకతో, పొరుగుతో, అలవాటుతో ఏర్పడే ఊరి లాంటి కలయిక. రెండోది లాభనష్టాలు చూసుకుని ఒప్పందంతో ఏర్పడే నగరం లాంటి కలయిక. 1893లో ఫ్రాన్సులో ఎమిల్ డర్ఖీం ఇంకో జత చెప్పాడు. అందరూ ఒకేలా ఉండటం వల్ల కలిసి ఉండేది యాంత్రిక సంఘీభావం. ఎవరి పని వాళ్ళది కావడం వల్ల ఒకరికొకరు అవసరమై కలిసి ఉండేది జైవిక సంఘీభావం. ఒంట్లో గుండె, ఊపిరితిత్తుల్లా అన్నమాట.

ఇక్కడ విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మన పాత ఊళ్ళో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, ఎవరి పని వాళ్ళది, కళ్ళం దగ్గర అందరికీ మేర, అంటే చేసిన పనికి ధాన్యంలో వాటా, కొలిచేవాళ్ళు. మరి అది జైవిక సంఘీభావమేగా? కాదు. డర్ఖీం స్వయంగా బలవంతపు శ్రమ విభజన అన్న మాట వాడాడు, కులాలు, వర్గాల పేరుతో పుట్టుకని బట్టి పని అంటగడితే అది సంఘీభావాన్ని ఇవ్వదన్నాడు. అంబేడ్కర్ 1936లో అసలు సంగతి చెప్పేశాడు: కులం శ్రమ విభజన ఒక్కటే కాదు, శ్రామికుల విభజన. పాత ఊరంతా ఒక కుటుంబంలా ఉండేదని ఎవరైనా అంటుంటే, ఆ మాట ఏ వీధి అరుగు మీద నుంచి వస్తోందో చూడాలి. వాడలో పెరిగినవాళ్ళు అలా చెప్పగా నేను వినలేదు. వాళ్ళకి ఊరు ఎన్నడూ "మనం" కాలేదు. నీళ్ళ బావి దగ్గరే "మేము" అని గీత ఉండేది.

రకాలు ఒకదాని వెంట ఒకటి వరసగా వచ్చి పోవు అనడానికి హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట కంటే సాక్ష్యం అక్కర్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.సి. దూబే 1951–52లో తన బృందంతో ఆ ఊరిని పరిశీలించి, 1955లో పుస్తకం ప్రచురించాడు. భారత గ్రామ అధ్యయనాల్లో అది తొలినాటి పెద్ద పని. కులాలు, కట్టుబాట్లు, దేశ్‌ముఖ్ ప్రాబల్యం, వాన మీద ఆధారపడిన సేద్యం, అంతా అందులో ఉంది. ఇవాళ అదే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. పక్కనే జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారవుతున్నాయి. ఊరి పండగలూ పోలేదు, పెళ్ళి సంబంధాల్లో కులమూ పోలేదు. 1973లో డేనియల్ బెల్ చెప్పిన పారిశ్రామికానంతర సమాజమూ, దూబే చూసిన వ్యవసాయ సమాజమూ ఒకే రోడ్డు మీద ఒకే సిగ్నలు దగ్గర ఆగుతున్నాయి.

నేనిప్పుడు మాదాపూరులో ఉంటాను, 1998లో మొదలైన సైబర్ టవర్స్‌కి నడిచి వెళ్ళే దూరంలో. మా అపార్టుమెంటులో డెబ్బై ఫ్లాట్లు, ఒక వాట్సాప్ గ్రూపు. నీళ్ళ ట్యాంకరు, పార్కింగు, మెయింటెనెన్సు తప్ప అందులో ఇంకేమీ ఉండదు. మూడేళ్ళుగా పక్క ఫ్లాటువాళ్ళు నాకు ఒక అంకె. పోయిన నెల అమ్మ వచ్చింది. వచ్చిన మూడో రోజుకి వాచ్‌మన్ భార్యది కందుకూరని, ఆమె అత్తగారిది మా పక్క మండలమని కనుక్కుంది. నాలుగో రోజు పక్క ఫ్లాటు పెద్దావిడ గిన్నెతో గోంగూర పచ్చడి తెచ్చి "వదినగారూ" అని తలుపు కొట్టింది. ఆ వదిన అన్న పిలుపు విని లోపల ల్యాప్‌టాప్ ముందున్న నేను ఉలిక్కిపడ్డాను.

ఎనిమిదో తేదీ నుంచే అమ్మ సంచి సర్దడం మొదలుపెట్టింది. నెలాఖరు దాకా ఉండు, కంతు డబ్బులు ఫోన్లో పంపిద్దాం అన్నాను. "డబ్బులు నువ్వు పంపుతావు. సంతకం?" అంది. సంతకం వచ్చే నెల పెట్టొచ్చు కదా అంటే, ఈసారి అప్పు ఎవరికివ్వాలన్నది తేలాలనీ, వెనక వీధి పిల్ల ఆపరేషనుకి అడిగిందనీ, తను లేకపోతే ఆ పిల్ల తరఫున మాట్లాడేవాళ్ళు లేరనీ చెప్పింది. తొమ్మిదో తేదీ రాత్రి కావలి బస్సెక్కించాను. కిటికీ దగ్గర సీటు ఇప్పించడానికి ఎవరిని అడగాలా అని నేను చూస్తుండగానే, అమ్మ పక్కనున్న అమ్మాయిని "ఏ ఊరమ్మా మీది?" అని అడుగుతోంది.